పెద్ద పండక్కి అంబాజీపేట: అత్తయ్య మోకాళ్ళు, మావాడి వాంతులు, మా ఆయన సెలవులు... ఈసారైనా సుఖంగా వెళ్ళే దారుందా?

గోదారి కోడలు (ప్రశ్న) · 2025 నవంబరు 4

అందరికీ నమస్కారం. కిందటి సంక్రాంతి ప్రయాణం అయ్యాక నాలుగు నెలలు మా ఇంట్లో పులిహోర చెయ్యలేదు. చింతపండు పోపు వాసన వస్తే చాలు, నాకు పంతంగి టోల్‌గేటు గుర్తొచ్చేది.

మేం హైదరాబాదు చందానగర్లో ఉంటాం. మా ఆయన, నేను, తొమ్మిదేళ్ళ పాప, నాలుగేళ్ళ బాబు, 71 ఏళ్ళ అత్తయ్య. ఊరు కోనసీమలో అంబాజీపేట దగ్గర. అక్కడ బావగారి కుటుంబం ఉంటుంది. మామూలు రోజుల్లో కార్లో తొమ్మిది గంటలు. కిందటి పండక్కి జనవరి 11, శనివారం, పొద్దున్న ఆరున్నరకి బయల్దేరాం. ఊళ్ళో కాలు పెట్టేసరికి రాత్రి పదకొండు నలభై.

బాబుకి కారు పడదు. చౌటుప్పల్ దాటకముందే మొదటిసారి కక్కాడు, పులిహోర డబ్బా మూత తీసి ఉన్నప్పుడే. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాను. అదంతా ఒక ఎత్తు, అత్తయ్య సంగతి ఒక ఎత్తు. ఆవిడకి మోకాళ్ళు వంగవు, కింద కూర్చునే దొడ్డి వాడలేరు. దారిలో రెండు హోటళ్ళలో ఆగాం. ఒకచోట కమోడ్ లేదు. రెండోచోట ఉంది కానీ దాని ముందు ఇరవై మంది. సూర్యాపేట దాటాక ఆవిడ మంచినీళ్ళు ముట్టలేదు. "దాహం లేదమ్మా" అన్నారు. నేనూ పట్టించుకోలేదు. రాత్రి ఇంటికి చేరాక, చెప్పులైనా విప్పకుండా చెంబెడు నీళ్ళు గటగటా తాగుతుంటే అప్పుడు తెలిసింది నాకు. మా ఆయనతో భోగిమంట దాకా మాట్లాడలేదు. ఆయన తప్పేం లేదు, ఎవరో ఒకరి మీద పడాలి కదా.

ఈసారి భోగి 14 బుధవారం, సంక్రాంతి 15, కనుమ 16. ఆయనకి సెలవు 13 నుంచి 16 దాకానే. పాపకి స్కూలు సెలవులు 11 నుంచి. మానేసి ఇక్కడే ఉందామంటే బాబుకి మార్చిలో ఐదు నిండుతాయి. మా ఇంట్లో ఐదేళ్ళ లోపు పిల్లలకే భోగిపళ్ళు పోస్తారు, అంటే ఇదే ఆఖరు. అత్తయ్య ఆ అరుగు మీదే పొయ్యాలంటున్నారు. ఆ అరుగు మీదే మా ఆయనకీ పోశారట.

రైలా, కారా? ఏ రోజు? తిరిగి ఎప్పుడు? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. "పాజిటివ్‌గా ఉండండి" లాంటివి మాత్రం వద్దు ప్లీజ్.

పాత టీసీ · నవంబరు 4

అమ్మాయ్, 31 ఏళ్ళు రైళ్ళలో టికెట్లు చూసి రిటైరైన వాణ్ణి. నీ ప్రశ్నలోనే చిక్కుముడి ఉంది. ఐదుగురూ ఒకే రోజు, ఒకే బండిలో వెళ్ళి తీరాలనుకుంటున్నావు. పండగ రోజుల్లో ఒంటరిగా వచ్చి బెర్తు అడిగిన మనిషికి ఎక్కడో ఒకచోట సర్దేవాణ్ణి. ఐదుగురు వచ్చి నిలబడితే వాళ్ళ మొహాలు చూడ్డానికి నాకే సిగ్గేసేది. మీ ఆయన్ని విడదియ్యి. నువ్వు, పెద్దావిడ, పిల్లలు ముందు వెళ్ళండి. అతను 12 రాత్రి ఏ బస్సు పట్టుకున్నా, ఏ బండిలో ఆర్‌ఏసీ మీద సగం సీట్లో కూర్చున్నా పొద్దున్నకి చేరతాడు.

ముందు అంటే 8వ తారీకు, గురువారం రాత్రి. పాపకి రెండు రోజులు బడి పోతుంది. నాలుగో తరగతో ఐదో తరగతో అయ్యుంటుంది, పోనీ. శుక్రవారం, శనివారం రాత్రులు మాత్రం వద్దు. ఊరంతా కదిలేది అప్పుడే.

ఇప్పుడు రిజర్వేషను 60 రోజుల ముందే తెరుస్తారు. ఇదివరకు 120 ఉండేది, 2024 నవంబరు నుంచి తగ్గించారు. ప్రయాణం రోజుని లెక్కలో కలపరు. కాబట్టి జనవరి 8 టికెట్లు నవంబరు 9న, అంటే ఈ ఆదివారమే, పొద్దున్న 8 గంటలకి తెరుచుకుంటాయి. ఐఆర్‌సీటీసీ ఖాతాకి ఆధార్ ధ్రువీకరణ చేసుకున్నావా? లేకపోతే ఇవాళే చేసుకో. అక్టోబరు నుంచి తెరిచిన రోజు మొదటి సమయం ఆ ఖాతాలకే ఇస్తున్నారు, పండగ టికెట్లకి ఆ సమయమే ముఖ్యం. అందరి పేర్లూ వయసులూ ముందే మాస్టర్ లిస్టులో ఎక్కించి పెట్టుకో. ఎనిమిదింటికి కూర్చుని అత్తగారి పేరు స్పెల్లింగు వెతుక్కోకు.

కింది బెర్తు సంగతి చాలామందికి తెలీదు. 45 దాటిన ఆడవాళ్ళకీ, 60 దాటిన మగవాళ్ళకీ వేరే కోటా ఉంది. అయితే ఆ వయసువాళ్ళు ఒక్కరుగానీ ఇద్దరుగానీ ఉన్న టికెట్టుకే ఇస్తారు. నిన్నూ పిల్లల్నీ కలిపి ఆ కోటాలో అడిగితే కుదరదు. విడిగా తీస్తే పెద్దావిడ ఒక బోగీలో, మీరు ఇంకో బోగీలో పడొచ్చు. అందుకని తెరిచిన రోజే మామూలు కోటాలో అందరికీ కలిపి తియ్యి. ఆవిడ వయసు సరిగ్గా 71 అని వేసి, కింది బెర్తు కావాలని పెట్టు. మొదటి నిమిషాల్లో ఖాళీలుంటాయి కాబట్టి కంప్యూటరే ఆవిడకి కింద చూస్తుంది. రాకపోతే ఆ కోటా ఎలాగూ ఉంది.

నాలుగేళ్ళ వాడికి టికెట్ అక్కర్లేదు. బెర్తు కావాలంటే మాత్రం పూర్తి ఛార్జీ. నన్నడిగితే కొను. పక్కన వాణ్ణి పెట్టుకుని ఆ వెడల్పులో రాత్రంతా ఒక పక్కనే పడుకుంటే, మర్నాడు నీ నడుమే చెబుతుంది డబ్బులు ఎక్కడ మిగిలాయో.

మీరుండేది చందానగర్ కనక లింగంపల్లిలో బయల్దేరే బండే చూసుకో, గౌతమి లాంటిది. ఖాళీ బండిలో నిదానంగా ఎక్కి సామాను సర్దుకోవచ్చు. పండగ స్పెషళ్ళు చర్లపల్లి నుంచి కూడా వేస్తున్నారు. అలవాటు కొద్దీ సికింద్రాబాదు వెళ్ళి నిలబడేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు. టికెట్ మీద స్టేషను పేరు చదువుకో.

ఇంకో మాట. రాజమండ్రిలో బండి కాసేపే ఆగుతుంది. నిడదవోలు దాటగానే పెద్దావిణ్ణి లేపి చెప్పులు తొడిగించు. కొవ్వూరు వచ్చేసరికి సామాను తలుపు దగ్గరుండాలి. వంతెన మీద గోదారమ్మకి చిల్లర వెయ్యడం సామాను సర్దాకే.

స్టీరింగ్ రాజు · నవంబరు 5

టీసీ గారంటే గౌరవమే గానీ, రాజమండ్రిలో తెల్లవారుజామున ముసలావిడతో, ఇద్దరు పిల్లలతో, ఆరు బ్యాగులతో దిగాక అంబాజీపేట దాకా ఎవరు తీసుకెళ్తారు సార్? అమలాపురం వైపు రైలు ఇంకా లేదు. కారుంటే గుమ్మంలో ఎక్కి గుమ్మంలో దిగుతారు.

అక్కా, కిందటేడు మీరు చేసిన తప్పు కారు కాదు, టైము. శనివారం పొద్దున్న ఆరున్నర అంటే ఎల్బీనగర్ నుంచి విజయవాడ దాకా ఉన్న కార్లన్నీ మీతోనే బయల్దేరాయి. నేను పన్నెండేళ్ళుగా మీ కోనసీమ వైపే, కొత్తపేట వెళ్తున్నా. రాత్రి తొమ్మిదికి పడుకుని రెండున్నరకి లేస్తాను. మూడింటికి ఔటర్ మీద ఉంటాను. పిల్లల్ని నిద్రలోనే ఎత్తుకుని సీట్లో వేస్తాం. మీ బాబు నిద్రలో ఉంటే కక్కడు, గ్యారంటీ.

పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు... ఈ టోళ్ళు తెల్లారేలోపే దాటాలి. ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయో లేదో ముందురోజే చూసుకోండి. బ్యాలెన్సు లేని ఒక్క బండి లేన్లో ఇరుక్కుంటే వెనకాల యాభై బండ్లు హారన్లు కొడతాయి, ఆ ఒక్క బండి మీదే అయితే ఇంకా నరకం. ఎక్కువ తిరిగేవాళ్ళయితే 2025 ఆగస్టు 15న వచ్చిన వార్షిక పాస్ బాగుంటుంది, జాతీయ రహదారుల టోళ్ళకి ఒక్కసారి కట్టి 200 సార్లు.

ఒకవేళ మ్యాపులో హైవే మొత్తం ఎర్రగా కనిపిస్తే సూర్యాపేట దగ్గర ఎడమకి తిరిగి ఖమ్మం, వైరా, సత్తుపల్లి, అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం, దేవరపల్లి మీదుగా గోదావరి దగ్గరికి వచ్చెయ్యొచ్చు. విజయవాడ ముఖమే చూడక్కర్లేదు. ఖమ్మం దాకా నాలుగు లేన్లు. ఆ తర్వాత రోడ్డు చిన్నది, నిజమే ఒప్పుకుంటా.

గోదారి కోడలు · నవంబరు 5

రాజు గారూ, ఖమ్మం దారి మేమూ ఒకసారి వెళ్ళాం, దసరాకి. సత్తుపల్లి తర్వాత ఆ మలుపులకి బాబుతో పాటు పాప కూడా మొదలుపెట్టింది. మూడింటికి బయల్దేరడం బాగానే ఉంది. మా ఆయన 12 రాత్రి పదకొండు దాకా ఆఫీసు కాల్‌లో ఉంటారు. నిద్ర లేని మనిషి చేతిలో స్టీరింగ్ పెట్టలేను. నాకు డ్రైవింగ్ వచ్చు గానీ హైవే మీద కాదు.

టీసీ బాబాయ్ గారూ, మా ఆయన్ని విడదియ్యడం అన్న మాట అత్తయ్యతో అన్నాను. "పండక్కి మొగుణ్ణి వదిలి వచ్చిన కోడలని ఊళ్ళో అనుకోరూ?" అన్నారు. ఇంకో గంటకి వంటింట్లోకి వచ్చి, "రైల్లో కమోడ్ ఉంటుందా?" అని అడిగారు. అంటే సగం ఒప్పుకున్నట్టే.

పాత టీసీ · నవంబరు 5

ఉంటుంది. ఏసీ బోగీ అయితే ఇంకా నయం. కానీ బండి కదులుతుంటే మోకాళ్ళు పట్టేసిన మనిషి ఒంటరిగా వెళ్ళకూడదు. నువ్వు తలుపు బయట నిలబడు. పడుకునే ముందు ఒకసారి తీసుకెళ్ళు. రెండోసారి ఆవిడ అడిగేదాకా ఆగకు, నాలుగింటికి నువ్వే లేపు. అడగరు వాళ్ళు. దాహం లేదన్నట్టే ఇదీ.

సియాటిల్ సీతక్క · నవంబరు 6

మేం సంక్రాంతికి రావడం మానేసి ఆరేళ్ళయింది. రథసప్తమికి వస్తాం, ఈసారి జనవరి 25. టికెట్లు దొరుకుతాయి, చుట్టాలు అలసిపోయి ఉండరు, అరిసెలు కూడా మిగిలే ఉంటాయి. పండగ తేదీలో లేదు, మనుషుల్లో ఉంది. ఆలోచించండి.

గోదారి కోడలు · నవంబరు 6

అక్కా, మీరు చెప్పింది బాగుంది. అరిసెలకి రథసప్తమి సరిపోతుంది. భోగిపళ్ళకి సరిపోదు. రేగుపళ్ళు, చెరుకు ముక్కలు, బంతిపూల రేకులు, చిల్లర డబ్బులు కలిపి ఆ సాయంత్రం వాడి నెత్తి మీద పొయ్యాలి, వీధిలో పిల్లలంతా చిల్లర కోసం కింద పడి ఏరుకోవాలి. నాకు ఈ ప్రయాణంలో తప్పనిసరి అదొక్కటే. మిగతావన్నీ, కోడిపందేలతో సహా, వదులుకోవడానికి సిద్ధం. (మా ఆయన ఇది చదవరు కాబట్టి రాస్తున్నాను.)

కొబ్బరితోట · నవంబరు 7

నమస్కారమండి. మాది ముక్కామల, మీ ఊరికి దగ్గరే. ఊళ్ళో ఉన్నోణ్ణి కాబట్టి ఇక్కడి సంగతి చెబుతానండి.

రాజమండ్రి నుంచి ఎవరు తీసుకెళ్తారన్నారు రాజుగారు. రావులపాలెం, కొత్తపేట మీదుగా ఎంతసేపండి, రెండు గంటలు కూడా పట్టదు. మీ బావగారికి ముందే చెప్పి ఊళ్ళో కారు మాట్లాడించండి. స్టేషన్లో అప్పటికప్పుడు బేరం ఆడితే పండగ రేటు చెబుతారు. డ్రైవరు ఫోన్ నంబరు మీ దగ్గరే కాదండి, పాప బ్యాగులో కాయితం మీద కూడా రాసి పెట్టండి. తెల్లవారుజామున మీ ఫోన్‌లో ఛార్జింగు ఉంటుందో ఉండదో. నర్సాపురం బండి దొరికితే పాలకొల్లులో దిగి చించినాడ వంతెన దాటి రాజోలు మీదుగా కూడా వచ్చెయ్యొచ్చండి, అది రెండో దారి.

అసలు సంగతి కనుమ. ఆ రోజు జగ్గన్నతోట తీర్థం, అంటే జాతర కదండి. పదకొండు ఊళ్ళ ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే వెదురుతో కట్టి అలంకరించిన దేవుడి ఊరేగింపు చట్రాలు, మొసలపల్లి తోటకి వస్తాయి. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువ దాటి, చేల మధ్యలోంచి జనం భుజాల మీద వస్తాయి. ఆ రోజు అంబాజీపేట చుట్టుపక్కల కారు తియ్యడం అంటే తీర్థం మధ్యలో పార్కింగు చేసుకోవడమేనండి. మీవారి సెలవు 16తో అయిపోతుందన్నారు, అంటే కనుమ సాయంత్రమే బయల్దేరదామని చూస్తారేమో. వద్దని చెప్పండి. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, మా రోడ్ల మీద ఆ రోజు కాకి కూడా ఎగరాల్సిందేనండి.

పెద్దావిడకి ఇంకోటి. పాత ఇల్లయితే దొడ్డి పెరట్లో కిందది ఉంటుంది కదా. కుర్చీ కమోడ్ మందుల షాపుల్లో, సర్జికల్ సామాను దగ్గర దొరుకుతుందండి. మా అమ్మకి అమలాపురంలో కొన్నాం. ముందే పంపించేస్తే పది రోజులూ ఆవిడ నీళ్ళు తాగుతారు.

గోదారి కోడలు · నవంబరు 7

తమ్ముడూ, ఈ చివరి మాటకి మీకు వెయ్యి దండాలు. ప్రయాణం గురించే ఆలోచించాను గానీ చేరాక సంగతి నా బుర్రకి తట్టలేదు. కిందటేడు ఆ ఐదు రోజులూ ఆవిడ ఎలా నెట్టుకొచ్చారో ఇప్పుడు తల్చుకుంటే సిగ్గుగా ఉంది. బావగారికి ఫోన్ చేశాను. "ముందే చెప్పొచ్చు కదమ్మా, అమ్మ ఎప్పుడూ అనలేదు" అన్నారు. ఎవరికీ అనలేదు ఆవిడ.

మా ఆయన తిరుగు ప్రయాణం సంగతి కూడా తేలింది. 17 శనివారం కాబట్టి కనుమ నాడు తీర్థం చూసి, 18 రాత్రి ఒక్కరే బస్సులో వచ్చేస్తారు. నేనూ పిల్లలూ అత్తయ్యా 20 మంగళవారం రాత్రి. ఆ టికెట్లు 21న తెరుస్తారు, లెక్క సరే కదా బాబాయ్ గారూ? పాపకి ఇంకో రెండు మూడు రోజులు బడి పోతుంది. టీచరు గారికి చీటీ రాసేటప్పుడు ఏం రాయాలో చూడాలి.

పాత టీసీ · నవంబరు 7

లెక్క సరే, నవంబరు 21. తిరుగు టికెట్ రోజు మర్చిపోయేవాళ్ళే ఎక్కువ, వెళ్ళేది దొరికిన సంతోషంలో. ఫోన్‌లో అలారం పెట్టు. దొరక్కపోతే తత్కాల్ నమ్ముకోకు. బండి బయల్దేరే ముందురోజు ఏసీకి పదింటికి, స్లీపరుకి పదకొండింటికి తెరుస్తారు. పల్లెటూళ్ళో ఆ టైముకే నీ సిగ్నలు పోతుంది.

బాబు సంగతి: రైల్లో చాలామంది పిల్లలకి కార్లో తిప్పినంతగా కడుపు తిప్పదు. స్టేషను నుంచి ఊరికి వెళ్ళే ఆ రెండు గంటలే జాగ్రత్త. పాలు పట్టకు. రెండు ఇడ్లీ, అదీ దిగిన అరగంటకి. ఫోన్ చేతికివ్వకు, ముందుకి చూడమను. మందు వెయ్యాలనుకుంటే మీ పిల్లల డాక్టర్ని అడిగి, నాలుగేళ్ళ వాడికి ఎంతో కనుక్కుని వెయ్యి.

గోదారి కోడలు · నవంబరు 9

ఆదివారం, 8:09. చేతులు ఇంకా వణుకుతున్నాయి. నాలుగు బెర్తులూ వచ్చాయి, గౌతమి, థర్డ్ ఏసీ, లింగంపల్లి నుంచి రాజమండ్రి. అత్తయ్యకి కింది బెర్తు. పాపకి పైది, దాని ఆనందానికి అంతు లేదు. బాబుకి మధ్యది, నాకు సైడు పైది. నేను వాడి బెర్తులో, వాడు అత్తయ్య కాళ్ళ దగ్గర, అలా ఏదో సర్దుకుంటాం. మొదటిసారి డబ్బు కట్టే పేజీ ఆగిపోయింది, రెండోసారి మా ఆయన ఫోన్‌లోంచి కట్టాం. ఆయన మొహంలో కూడా కొంచెం వెలుగు కనబడింది. ఒక్కరే బస్సులో హాయిగా పడుకుని వెళ్తానని కాబోలు.

రాజు గారూ, కోప్పడకండి, కారు మీ పద్ధతిలో వేసవి సెలవులకి వాడతాం, మూడింటికే.

రైల్లోకి ఏం వండాలో మాత్రం తేలలేదు. పులిహోర అని ఎవరూ చెప్పకండి. అత్తయ్య దొండకాయ వేపుడు, పెరుగన్నం అంటున్నారు. ఇంకా రెండు నెలలుందత్తయ్యా అంటే వినకుండా, భోగిపళ్ళలోకని రూపాయి బిళ్ళలన్నీ సబ్బుతో కడిగి, తువ్వాలు మీద ఆరబెట్టి, పాత ఊరగాయ సీసాలో పోసుకుంటున్నారు.